యాంటెనా ఆగినచోట డిష్ అందుకుంటుంది

బ్రిటన్‌లో భాగమైన వేల్స్ చిన్న దేశం. జనాభా 31 లక్షలు. తమకు వెల్ష్ భాష వచ్చని 2021 జనగణనలో చెప్పినవారు 5 లక్షల 38 వేల మంది. అంటే నూటికి పద్దెనిమిది మంది కూడా లేరు. పక్కనే ఇంగ్లండు, ఇంట్లో ఫోను నిండా ఇంగ్లీషు, బడి దాటితే బజారంతా ఇంగ్లీషు. హోసూరు, బళ్లారి, రాయగడ, షోలాపూర్‌లలో పిల్లల్ని తెలుగు బడికి పంపుతున్న తల్లిదండ్రులకు ఆ పరిస్థితి విడమరిచి చెప్పనక్కర్లేదు.

సెలవుల్లో కారు వెనక కారవాన్ తగిలించుకుని ఊళ్లు తిరగడం బ్రిటన్ అంతటా అలవాటు. మంచాలు, పొయ్యి, చిన్న టీవీ అన్నీ ఉన్న చక్రాల గది అది. వెల్ష్ మాట్లాడే కుటుంబం ఆ బండితో సరిహద్దు దాటి ఇంగ్లండులోకి కొంతదూరం వెళ్తుంది. రాత్రి బస దగ్గర బండి పైన చేపముల్లు ఆకారంలో ఉండే మామూలు యాంటెనా ఎత్తుతారు. బీబీసీ వస్తుంది, మిగతా ఇంగ్లీషు చానెళ్లూ వస్తాయి. వెల్ష్ చానెల్ ఎస్‌ఫోర్‌సి మాత్రం రాదు. నేలమీది టవర్ల నుంచి ఆ చానెల్‌ను వేల్స్‌కే ప్రసారం చేస్తారు. టవర్ నీడ దాటితే అది లేనట్టే.

అదే కుటుంబం డిక్కీలోంచి ఒక చిన్న డిష్ తీసి, గడ్డిమీద ముక్కాలి స్టాండుపై నిలబెట్టి ఆగ్నేయం వైపు తిప్పితే ఎస్‌ఫోర్‌సి వస్తుంది. లండన్‌లోనూ వస్తుంది, స్కాట్లండ్ కొండల్లోనూ వస్తుంది. ఉపగ్రహానికి వేల్స్ ఎక్కడ ముగిసిందో పట్టదు. పిల్లలు పడుకునే ముందు చూసే కార్యక్రమం వాళ్ల భాషలోనే ఉంటుంది.

ఆ చానెల్ ఊరికే రాలేదు. వెల్ష్‌కు ప్రత్యేక టీవీ చానెల్ ఇస్తామన్న ప్రభుత్వం మాట తప్పింది. దాంతో వేల్స్ జాతీయ పార్టీ నేత గ్విన్ఫోర్ ఎవాన్స్, 1980 అక్టోబరు 6 నుంచి ఆమరణ నిరాహారదీక్షకు కూర్చుంటానని ప్రకటించారు. గడువుకు దాదాపు మూడు వారాల ముందే, సెప్టెంబరు 17న, మార్గరెట్ థాచర్ ప్రభుత్వం దిగివచ్చింది. 1982 నవంబరు 1న ఎస్‌ఫోర్‌సి మొదలైంది. పొట్టి శ్రీరాములు 1952లో 58 రోజులు పస్తుండి ప్రాణం విడిచిన కథ చదువుకున్న మన పిల్లలకు ఈ సంగతి చెబితే చప్పున అందుకుంటారు. తేదీ కూడా చూడండి. 1956లో భాషల వారీగా రాష్ట్రాల గీతలు అమలులోకి వచ్చింది కూడా నవంబరు 1నే. ఆ గీతలకు అవతల మిగిలిపోయిన పిల్లల కోసమే, ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయాలన్న 350ఏ అధికరణాన్ని అదే ఏడాది రాజ్యాంగంలో చేర్చారు.

ఇక డిష్ నిలబెట్టే పని సంగతి. పాఠ్యపుస్తకంలో చదివిన దాన్ని పెరట్లో పరీక్షించి చూసుకునే అవకాశం ఇంత చవకగా దొరికేది తక్కువ.

టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు సరిగ్గా పైన, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. భూమి తిరిగే వేగంతోనే తిరుగుతాయి కాబట్టి మనకు ఆకాశంలో ఒకేచోట నిలబడినట్టు కనిపిస్తాయి. బ్రిటన్ కారవాన్ల డిష్‌లు 28.2 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరున్న ఆస్ట్రా ఉపగ్రహాల వైపు చూస్తాయి. మన దూరదర్శన్ ఉచిత డీటీహెచ్, అదే డీడీ ఫ్రీ డిష్, 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి వస్తుంది. జీశాట్-15ను 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ప్రయోగించారు. డిష్ పెట్టడమంటే మనం ఉన్న చోటునుంచి ఆ ఒక్క బిందువు ఏ దిక్కున, ఎంత ఎత్తున ఉందో పట్టుకోవడమే. దిక్కును ఉత్తరం సున్నా, తూర్పు 90, దక్షిణం 180 అని కొలుస్తారు. ఎత్తును నేల నుంచి కొలుస్తారు. మన పదో తరగతి లెక్కల పుస్తకంలో ఊర్ధ్వకోణం అన్నది ఇదే.

అనుభవం ఉన్న కారవాన్‌వాళ్లు కారునుంచి బండిని విప్పకముందే దిక్సూచి తీస్తారు. బస చేసే జాగాలో ఆగ్నేయం వైపు చెట్లు, పక్కవాళ్ల పెద్ద బండి అడ్డం లేవని చూసుకున్నాకే ఆగుతారు. చెట్టు నీడన బండి పెట్టుకుని తర్వాత డిష్‌తో కుస్తీపట్టడం కొత్తవాళ్ల పని. దిక్సూచిని కారు పక్కన, ఇనప స్టాండు పక్కన పెట్టి చూడరు. ఇనుము ముల్లును లాగేస్తుంది. నాలుగడుగులు పక్కకు జరిగి దిక్కు చూసి, దూరాన ఒక గుర్తు పెట్టుకుని, ఆ గుర్తు వైపు డిష్ తిప్పుతారు.

తర్వాత స్టాండు. దాని నిలువు గొట్టం నిజంగా నిలువుగా ఉండాలి. గొట్టం రెండు డిగ్రీలు ఒరిగిందంటే డిష్ వెనక ఉన్న అంకెల బిళ్ల చెప్పే ఎత్తు అబద్ధమైపోతుంది. మేస్త్రీల మట్టం బద్ద లేకపోతే దారానికి రాయికట్టి వేలాడదీసి చూసినా చాలు. గొట్టం కుదిరాక ఎత్తు బిగించి, ఇక దాన్ని ముట్టుకోకుండా, డిష్‌ను అడ్డంగా అంగుళంలో పావు వంతు చొప్పున జరుపుతారు. జరిపి ఆగాలి. ఎందుకంటే డిజిటల్ బాక్సు సిగ్నల్‌ను గుర్తుపట్టడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. గబగబా తిప్పేవాడు ఉపగ్రహం మీదుగా పదిసార్లు వెళ్లినా బాక్సుకు తెలియదు. మొత్తం పనిలో జనం ఓపిక పోగొట్టుకునేది ఇక్కడే.

బాక్సు తెర మీద రెండు గీతలు కనిపిస్తాయి. ఒకటి బలం, ఒకటి నాణ్యత. బలం గీతను నమ్మకండి. కేబులు సరిగా తగిలితే డిష్ గోడవైపు చూస్తున్నా అది సగం దాకా లేస్తుంది. నాణ్యత గీత లేస్తేనే ఉపగ్రహం దొరికినట్టు. అదీ మనకు కావలసిన ఉపగ్రహమేనా అన్నది ఇంకో ప్రశ్న. ఆకాశంలో అవి కొన్ని డిగ్రీల ఎడంలోనే వరసగా ఉంటాయి. బ్రిటన్ కారవాన్లలో జర్మన్ చానెళ్లు ప్రత్యక్షమయ్యాయంటే, 28.2 బదులు పక్కనున్న 19.2 డిగ్రీల ఉపగ్రహం పట్టుకున్నారన్నమాట. మన దగ్గరా ఒక్కో డీటీహెచ్ కంపెనీది ఒక్కో చోటు. పక్కింటి డిష్ చూసి మన డిష్ తిప్పేముందు, వాళ్లదీ మనదీ ఒకే సేవేనా అని అడగడం మంచిది.

చిత్రం వచ్చాక డిష్ ముందున్న చేతికి తగిలించిన ఎల్‌ఎన్‌బి అనే చిన్న డబ్బాను అటూ ఇటూ కొద్దికొద్దిగా మెలితిప్పి, నాణ్యత ఎక్కడ ఎక్కువుందో అక్కడ బిగిస్తారు. వచ్చే తరంగం అడ్డంగానో నిలువుగానో కంపిస్తూ వస్తుంది. ఊరు మారితే ఆ కంపం మనకు ఒరిగే కోణం మారుతుంది. ఒక ఊళ్లో కుదిరిన మెలిక వంద కిలోమీటర్ల అవతల కూడా దాదాపు సరిపోవచ్చు. ముంబై నుంచి బరంపురం వస్తే మాత్రం మళ్లీ తిప్పుకోవాల్సిందే. చివరికి స్టాండు కాళ్ల మధ్య నీళ్ల డబ్బా వేలాడదీస్తారు, గాలికి పడిపోకుండా.

ఏమీ రాకపోతే ముందు అనుమానించాల్సింది కేబులు కొసను. పై అల్లికలోని ఒక్క వెంట్రుకంత తీగ మధ్య రాగి తీగకు తగిలినా అంతా బందు. పదిసార్లు విప్పి బిగించే బండి మీద ఇది మామూలుగా జరిగే తప్పు.

లెక్కల టీచర్లకు పనికొచ్చే పోలిక ఒకటుంది. లండన్ నుంచి ఆస్ట్రా ఉన్న దిక్కు 145 డిగ్రీలు. యానాం నుంచి జీశాట్-15 ఉన్న దిక్కూ సుమారు 145 డిగ్రీలే. రెండు ఊళ్లలోనూ డిష్ ఒకే దిక్కుకు తిరుగుతుంది. కానీ లండన్‌లో ఉపగ్రహం నేలకు 25 డిగ్రీల ఎత్తునే ఉంటుంది, యానాంలో 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. పది మీటర్ల చెట్టు అడ్డం రాకూడదంటే లండన్‌లో డిష్‌ను దానికి 21 మీటర్ల దూరాన పెట్టాలి. యానాంలో పది మీటర్ల కొబ్బరిచెట్టుకు నాలుగున్నర మీటర్ల ఎడం చాలు. టాన్ పట్టిక తీసి పిల్లలచేత లెక్క కట్టించండి. ఇంగ్లండులో చెట్టు పేరెత్తితే కారవాన్‌వాళ్లు ఎందుకు విసుక్కుంటారో వాళ్లకే అర్థమవుతుంది.

మన ఊళ్ల అంకెలూ రాసుకోండి. అన్నీ 93.5 డిగ్రీల ఉపగ్రహానికి కట్టినవి, సుమారుగా. హోసూరులో దిక్కు 128, ఎత్తు 66. బళ్లారిలో దిక్కు 131, ఎత్తు 64. షోలాపూర్‌లో 134, 61. చెన్నైలో 134, 68. ముంబైలో 131, 57 చిల్లర. బరంపురంలో దిక్కు 155, ఎత్తు 65. హోసూరుకూ యానాంకూ ఎత్తు ఒకటే, దిక్కు వేరు. బరంపురం డిష్ దాదాపు దక్షిణానికి తిరుగుతుంది. మిగతావన్నీ ఇంచుమించు ఆగ్నేయమే, అంటే మన వాస్తు లెక్కలో వంటగది మూల. డాబా మీద వంటగది వైపు ఆకాశం తెరిపిగా ఉంటే సగం పని అయినట్టే.

ఒక చిక్కు మాత్రం ముందే చెప్పాలి. మన డిష్‌లు అసలు చూస్తున్న చోటుకు కాక, ఇరవై డిగ్రీలకు పైగా కిందికి చూస్తున్నట్టు కనిపిస్తాయి. ఎల్‌ఎన్‌బి డిష్ మధ్యలో కాకుండా కింద ఉండే రకం కావడమే కారణం. పిల్లవాడు కోణమానిని తెచ్చి డిష్ ముఖానికి 66 డిగ్రీలు పెడితే ఏమీ రాదు. వెనక బిళ్లమీది అంకెలు ఈ తేడాను లెక్కవేసి ముద్రించినవే కాబట్టి వాటినే నమ్మాలి. దిక్సూచి విషయంలో మనకు బాధలేదు. మన ప్రాంతాల్లో ముల్లు చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఒకటి రెండు డిగ్రీల కంటే తేడా ఉండదు. తూర్పు ఆస్ట్రేలియాలో అయితే పది డిగ్రీలు దాటుతుంది.

ఆస్ట్రేలియా మాట వచ్చింది కాబట్టి అక్కడి సంగతీ కొంత. రిటైరయ్యాక కారవాన్ కట్టుకుని నెలల తరబడి ఎడారి దారుల్లో తిరిగేవారు అక్కడ చాలామంది. టవర్లు అందని చోట్ల వాళ్లకు దిక్కు వాస్ట్ అనే ఉపగ్రహ టీవీ సేవ. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నారు కాబట్టి వాళ్ల డిష్‌లు ఉత్తరానికి చూస్తాయి. అయితే మనకు పనికొచ్చే విషయం వేరే. 1980లలో మొదటిసారి ఉపగ్రహ టీవీ మధ్య ఆస్ట్రేలియా ఎడారికి వస్తుందన్నప్పుడు అక్కడి ఆదివాసులు బెదిరారు. రాత్రికి రాత్రి ఇంగ్లీషు చానెల్ ఇంట్లోకొస్తే పిల్లల నోట తమ భాష నిలవదని వాళ్ల భయం. యుయెండుము, ఎర్నబెల్లా అనే ఊళ్లలో సొంతంగా కెమెరాలు పట్టి, తమ భాషల్లో కార్యక్రమాలు తీసి, ఊరివరకే ప్రసారం చేసుకున్నారు. ఆలిస్ స్ప్రింగ్స్‌లోని ఆదివాసీ మీడియా సంఘం ఏకంగా ఉపగ్రహ టీవీ లైసెన్సుకే పోటీపడి గెలిచింది. ఇంపార్జా అనే ఆ చానెల్ 1988లో మొదలైంది. ఇవాళ వాస్ట్‌లో ఆదివాసీ సముదాయాల చానెల్ ఐసీటీవీ కూడా వస్తుంది. ఎడారిలో ఆగిన కారవాన్ డిష్‌కు సిడ్నీ వార్తలూ అందుతాయి, వార్ల్‌పిరి భాషలో చెప్పే కథా అందుతుంది.

ఉపగ్రహం భాషను మింగనూ గలదు, మోయనూ గలదు. దాన్ని ఎవరు ఎక్కించారన్నదే తేడా. హద్దులు లేవన్న మాట కూడా పూర్తి నిజం కాదు. బ్రిటన్ కారవాన్లు చలికాలంలో దక్షిణ స్పెయిన్ వెళ్తాయి. 2014 మొదట్లో బ్రిటన్ చానెళ్లను, ఆ దేశం మీదికే కిరణాన్ని ఇరుకుగా పంపే కొత్త ఉపగ్రహానికి మార్చేసరికి, స్పెయిన్‌లో చాలా డిష్‌లకు చిత్రం పోయింది. కిరణం ఎక్కడ పడాలో మనుషులే నిర్ణయిస్తారు. జీశాట్-15 విషయంలో మన అదృష్టం, ఆ కిరణం దేశమంతటా పడుతుంది. తిరుపతి డాబా మీద ఎంత పడుతుందో హోసూరు డాబా మీదా అంతే.

కేబుల్ టీవీలో అలా ఉండదు. ఆపరేటర్ ఏ చానెళ్లు పెట్టాలో ఆ ఊరి ఎక్కువమంది భాషను బట్టి చూసుకుంటాడు. వ్యాపారం కాబట్టి తప్పుపట్టలేం. ఉచిత డిష్‌లో సప్తగిరి, యాదగిరి రెండూ నెలసరి రుసుం లేకుండా వస్తాయి. 2020లో బడులు మూతపడినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల పాఠాలు ప్రసారమైంది ఈ చానెళ్లలోనే. కేంద్రం అదే ఏడాది తరగతికొకటి చొప్పున 12 పీఎం ఈ-విద్య చానెళ్లు మొదలుపెట్టింది. ప్రాంతీయ భాషల్లో పాఠాల కోసం వాటిని 200 చేస్తామని 2022 బడ్జెట్‌లో ప్రకటించింది.

ఇవి పాఠం చెబుతాయని మాత్రం ఆశపడొద్దు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో తయారైన గణితం పాఠం, తమిళనాడు లేదా కర్ణాటక పాఠ్యక్రమం చదివే పిల్లలకు అధ్యాయానికి అధ్యాయం సరిపోదు. సరిపోయేది భాష. మన పిల్లల్లో చాలామందికి తెలుగు ఇంట్లో అమ్మానాన్నల గొంతులో, బడిలో ఒక్క టీచరు గొంతులో మాత్రమే వినిపిస్తుంది. వార్తలు చదివే తెలుగు, వ్యవసాయం గురించి రైతుతో మాట్లాడే తెలుగు, కూచిపూడి గురించి చెప్పే తెలుగు వాళ్ల చెవిన పడవు. వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు తరగతిలో చూపించి, విన్న కొత్త మాటలు అయిదు రాయించండి. దానికి పక్కనే ఆ మాటను తమ ఊళ్లో ఏమంటారో కూడా రాయించండి. టీవీ తెలుగు అసలుది, హోసూరు తెలుగు కల్తీది అన్న ఆలోచన పిల్లల్లో పడిందంటే డిష్ మేలుకంటే కీడే ఎక్కువ చేసినట్టు.

ఫోను ఉండగా ఇదంతా ఎందుకని అడిగే తండ్రులుంటారు. ఫోను ఒక్కరి చేతిలోనిది. నలభై మంది పిల్లల ముందు పెట్టలేరు. పైగా దానిలో తెలుగు కోసం మొదలుపెట్టిన వేలు రెండు నిమిషాల్లో ఎక్కడికి వెళ్తుందో అందరికీ తెలుసు.

పనుల కోసం ఊళ్లు మారే కుటుంబాలకు కారవాన్‌వాళ్ల పద్ధతే నేరుగా పనికొస్తుంది. రోడ్డు పనులకో, కట్టడం పనులకో ఆరునెలలు వేరే రాష్ట్రంలో ఉండే ఇంట్లో 60 సెంటీమీటర్ల డిష్, మడిచే స్టాండు, పదిమీటర్ల కేబులు, బాక్సు ఒక గోనెసంచిలో పడతాయి. కరెంటు లేని చోట కూడా నడుస్తుంది. చాలా బాక్సులకు 12 వోల్టులే కావాలి. అడాప్టర్ మీద రాసి ఉంటుంది, చూసుకోండి. బాక్సు, చిన్న టీవీ కలిసి 40 వాట్లు తిన్నాయనుకుంటే, 12 వోల్టుల బ్యాటరీ నుంచి మూడు ఆంపియర్ల చిల్లర. వంద ఆంపియర్-అవర్ బ్యాటరీలో సగం వాడినా పదిహేను గంటలు వస్తుంది. కొత్త ఊరు చేరాక అంకెలు మాత్రం మారతాయి. ఆ ఊరి దిక్కు, ఎత్తు లెక్కకట్టి ఫోనులో చెప్పగలిగే పిల్లవాడు మన తొమ్మిదో తరగతిలో ఒక్కడుంటే చాలు. గట్టి వాన కురిసేటప్పుడు చిత్రం పోతే కంగారుపడి డిష్ కదిలించొద్దని కూడా వాడే చెప్పాలి. వాన వెలిస్తే దానంతటదే వస్తుంది.

అంకెలూ దిక్సూచీ లేకుండా ఉపగ్రహాన్ని చూపించే రోజులు ఏడాదిలో రెండుసార్లు వస్తాయి. మార్చి రెండో వారం చివర, మళ్లీ సెప్టెంబరు నెలాఖరున, కొన్ని రోజులపాటు సూర్యుడు మన ఊళ్లనుంచి చూస్తే సరిగ్గా జీశాట్-15 వెనకగా వెళ్తాడు. మార్చిలో పదకొండుంపావు ప్రాంతంలో, సెప్టెంబరులో పదకొండింటికి. ఆ కొద్ది నిమిషాలు సూర్యుడి రేడియో హోరు డిష్‌లో పడి చిత్రం ముక్కలవుతుంది. డిష్ చెడిందని మెకానిక్‌ను పిలవకండి, పిల్లల్ని బయటికి పిలవండి. సూర్యుణ్ని నేరుగా చూడనివ్వొద్దు. రెండడుగుల పీవీసీ గొట్టం ఒకటి కుర్చీకి కట్టి, దాని లోపలినుంచి వెలుగు గుండ్రంగా నేలమీద పడేదాకా సర్దమనండి. చిత్రం ఆగిపోయిన క్షణాన ఆ గొట్టం చూస్తున్నది ఉపగ్రహం వైపే. దాని దిక్కు, ఎత్తు కొలిచి, పైన రాసిన మీ ఊరి అంకెల పక్కన రాయించండి. మార్చిలో పరీక్షల హడావిడి ఉంటుంది కాబట్టి మన బడులకు సెప్టెంబరే నయం.